ఆటోఫోకస్ మోడ్‌లు: ఎప్పుడు ఏది పెట్టాలి, ఎందుకు

పెళ్లికూతురి ముఖం మసగ్గా, వెనకున్న పూలదండ మాత్రం పదునుగా వచ్చిందంటే వెంటనే లెన్స్‌ను తిట్టుకోకండి. ఫోకస్ ఎక్కడ చెయ్యాలో మీరు చెప్పలేదు కాబట్టి కెమెరా తనకు తోచినచోట చేసింది, అంతే.

మెనూలో వన్ షాట్, సర్వో, జోన్, ట్రాకింగ్ అంటూ డజను పేర్లు కనిపిస్తాయి. అవన్నీ రెండే ప్రశ్నలకు జవాబులు. ఫోకస్ కుదిరాక లెన్స్ ఆగిపోవాలా, లేక సబ్జెక్ట్‌తోపాటు కదులుతూనే ఉండాలా అన్నది మొదటిది. ఫ్రేమ్‌లో ఏ చోటు చూసి ఫోకస్ చెయ్యాలన్నది రెండోది. ఈ రెంటికీ సెట్టింగులు వేరువేరుగా ఉంటాయి. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని ఆటోలోనే వదిలేస్తారు. ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ముందుగా మోడ్ డయల్‌ను ఆకుపచ్చ ఆటో నుంచి తప్పించండి. ఆ మోడ్‌లో ఈ రెండు నిర్ణయాలూ కెమెరావే, మీకు మార్చే వీలుండదు. పి మోడ్ చాలు. అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో మీరే చెప్పే మోడ్) అయితే ఇంకా మంచిది. లెన్స్ మీద స్విచ్ ఉంటే అది ఎంఎఫ్‌లో (చేత్తో ఫోకస్) కాకుండా ఏఎఫ్‌లో (ఆటోఫోకస్) ఉందో లేదో చూసుకోండి. వినడానికి చిన్న విషయమే అయినా, బ్యాగులోంచి తీస్తున్నప్పుడు వేలు తగిలి ఆ స్విచ్ జరిగిపోవడం మామూలే.

మొదటి ప్రశ్న: ఆగాలా, కదలాలా

ఆగిపోయే మోడ్‌ను కేనన్ వన్ షాట్ అంటుంది. నికాన్, సోనీ, ఫ్యూజీల్లో అది ఏఎఫ్-ఎస్. షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ కుదిరి, బీప్ మోగి, ఫోకస్ పాయింట్ (ఫ్రేమ్‌లో కెమెరా ఫోకస్ చూసే చిన్న చోటు) వెలుగుతుంది లేదా పచ్చబడుతుంది. బటన్ వదిలేదాకా లెన్స్ కదలదు. కూర్చున్న మనిషి, ప్లేట్‌లో టిఫిన్, ఉండవల్లి గుహల్లో శిల్పం, గ్రూప్ ఫొటో: వీటన్నిటికీ ఇదే.

కదులుతూ ఉండే మోడ్ పేరు కేనన్ డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉన్న కెమెరాలు) ఏఐ సర్వో, అద్దం లేని మిర్రర్‌లెస్‌లలో సర్వో. మిగతా కంపెనీల్లో ఏఎఫ్-సి. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా దూరాన్ని కొలుస్తూ లెన్స్‌ను సరిచేస్తూనే ఉంటుంది. అంతే కాదు, మీరు బటన్ పూర్తిగా నొక్కాక షట్టర్ తెరుచుకునే లోపు సబ్జెక్ట్ ఎంత జరుగుతుందో అంచనా కట్టి, లెన్స్‌ను ఆ చోటికి ముందే నడుపుతుంది. ఆ అంచనా కుదరాలంటే దానికి కొంత సమయం కావాలి. సగం నొక్కి కనీసం అర సెకను సబ్జెక్ట్ మీదే పాయింట్ ఉంచి, ఆ తర్వాత తియ్యండి. టక్కున నొక్కేస్తే సర్వో పెట్టిన ఫలితం ఉండదు.

సర్వోలో సాధారణంగా బీప్ రాదు. అది వినబడక కెమెరా పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లేవాళ్లు ఉన్నారు. పాడవలేదు. ఫోకస్ "అయిపోయింది" అని చెప్పే ఘట్టమే ఈ మోడ్‌లో ఉండదు, అందుకే మోగదు. చీకట్లో వెలిగే ఏఎఫ్ సహాయక దీపం కూడా డీఎస్ఎల్ఆర్‌లలో ఈ మోడ్‌లో వెలగదు. రిసెప్షన్‌లో దీపాలు తగ్గించాక ఫోకస్ దొరక్కపోతే, ఒక్కసారి వన్ షాట్‌కు మారి చూడండి.

మూడో పేరు ఏఐ ఫోకస్, నికాన్‌లో ఏఎఫ్-ఏ. సబ్జెక్ట్ కదులుతోందో లేదో కెమెరానే చూసుకుని మారుతుందట. మా సలహా, దాన్ని వాడకండి. నిలబడిన మనిషి కొంచెం ఊగితే సర్వోలోకి పోతుంది, నడక మొదలుపెట్టిన పిల్లాడిని గుర్తించేసరికి ఆలస్యం చేస్తుంది. ఏ మోడ్‌లో ఉన్నారో మీకే తెలియనప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు.

నికాన్ వాడేవాళ్లకు ఒక చిక్కు. లెన్స్ మీద రాసి ఉండే ఏఎఫ్-ఎస్ వేరు, మెనూలోని ఏఎఫ్-ఎస్ వేరు. లెన్స్ మీది అక్షరాలు లోపల మోటారు ఉందని చెప్తాయి, అంతే. ఆ మోటారు లేని పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డి లెన్స్‌ను సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొని డి3500కో, డి5600కో తగిలిస్తే ఆటోఫోకస్ అసలు పనిచెయ్యదు. ఆ బాడీల్లో మోటారు ఉండదు. 1.8జి అయితే పనిచేస్తుంది. డబ్బు ఇచ్చేముందు ఆ చివరి అక్షరం చూడండి.

ఇంతకూ ఎక్కడ మార్చాలి? కేనన్ 1500డిలో వెనకున్న నాలుగు దిక్కుల బటన్లలో కుడివైపుది నొక్కండి. నికాన్ డి3500, డి5600లలో ఐ బటన్. డి7500లో లెన్స్ పక్కనున్న ఏఎఫ్ బటన్ నొక్కి పట్టి, వెనక డయల్ తిప్పితే మొదటి ప్రశ్న, ముందు డయల్ తిప్పితే రెండోది మారుతాయి. సోనీ ఏ6400లో ఎఫ్ఎన్ బటన్ నొక్కి ఫోకస్ మోడ్, ఫోకస్ ఏరియా విడివిడిగా చూడండి.

రెండో ప్రశ్న: ఎక్కడ చూడాలి

పాయింట్ ఎంపిక ఆటోలో వదిలేస్తే కెమెరా మామూలుగా అన్నిటికన్నా దగ్గరున్నదాన్ని, అంచులు స్పష్టంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. దానికి పెళ్లికూతురు ఎవరో, ముందు చెయ్యి చాపిన పంతులుగారు ఎవరో తెలియదు. అందుకే ఈ పని దాని చేతిలోంచి తీసుకోవాలి.

సింగిల్ పాయింట్ పెట్టండి. పాయింట్‌ను మీరే జరిపి కంటి మీద ఉంచండి. రెండు కళ్లలో మీకు దగ్గరగా ఉన్న కన్ను మీద. 1500డిలో మొత్తం 9 పాయింట్లే, వాటిలో మధ్యది ఒక్కటే క్రాస్ టైప్. అంటే నిలువు గీతలనూ అడ్డ గీతలనూ రెంటినీ గుర్తించగలదు. మిగతా 8 పాయింట్లూ ఒక్కొక్కటి ఒకే దిక్కు గీతలను చూస్తాయి. వెలుతురు తగ్గినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది, కాబట్టి ఫంక్షన్ హాల్లో ఆ కెమెరాకు మధ్య పాయింటే దిక్కు. డి5600లో 39 పాయింట్లు, 9 క్రాస్ టైప్. డి7500లో 51, వాటిలో 15.

మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కే ఉంచి, కెమెరా పక్కకు తిప్పి ఫ్రేమ్ సర్దుకోవడం అందరికీ అలవాటు. వన్ షాట్‌లో ఇది కుదురుతుంది, సర్వోలో కుదరదు. తిప్పగానే సర్వో ఆ కొత్తచోటును పట్టుకుంటుంది. వన్ షాట్‌లో కూడా దీనికి ఒక హద్దు ఉంది. 2 మీటర్ల దూరంలోని ముఖం మీద ఫోకస్ చేసి కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం సుమారు 3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. ఏపీఎస్-సి బాడీ (1500డి, డి5600 లాంటి చిన్న సెన్సర్ కెమెరా) మీద 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర, అంటే రంధ్రం పూర్తిగా తెరిచి వాడితే ఆ దూరంలో పదునుగా వచ్చే మందం మొత్తం 11 సెంటీమీటర్లే, అంటే కంటికి ముందు అయిదున్నర, వెనక అయిదున్నర. 3 సెంటీమీటర్లు పోతే కన్ను ఆ హద్దులోనే ఉంటుంది కానీ అసలు పదును చెవి వైపు జరిగిపోతుంది. మనిషి కొంచెం ముందుకు వంగాడా, కన్ను హద్దు దాటినట్టే. ఎఫ్ 5.6 దగ్గర ఈ బాధ లేదు. ఎఫ్ 1.8 వాడేవాళ్లు మాత్రం పాయింట్ జరపడం అలవాటు చేసుకోవాల్సిందే.

జోన్ అంటే కొన్ని పాయింట్ల గుంపు. ఎటు వెళ్తుందో చెప్పలేని సబ్జెక్ట్‌కు, ఉదాహరణకు స్కూల్ గ్రౌండ్‌లో కబడ్డీకి బాగుంటుంది. గుంపు లోపల మళ్లీ దగ్గరున్నదానికే మొగ్గు, అది మరిచిపోవద్దు.

ట్రాకింగ్ అంటే మీరు మొదట పట్టుకున్నదాన్ని ఫ్రేమంతా వెంబడించడం. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో దీన్ని 3డి ట్రాకింగ్ అంటారు, ఏఎఫ్-ఎస్‌లో దొరకదు, ఎక్కువగా రంగును ఆధారం చేసుకుంటుంది. ఇంద్రకీలాద్రి దగ్గర దసరా చివర్లో భవానీ దీక్షాపరుల వరుసలు తీసేటప్పుడు ఇది తేలిపోతుంది. వేలమంది ఎర్రబట్టల్లో ఉంటే ఒక ఎరుపు నుంచి ఇంకో ఎరుపుకు దూకేస్తుంది. అక్కడ సింగిల్ పాయింటే మేలు. అదే సర్కార్ బడి యూనిఫారాల మధ్య పసుపు చీర కట్టుకున్న టీచర్ అయితే వదలకుండా పట్టుకుంటుంది.

ముఖాన్నీ కంటినీ గుర్తించే మిర్రర్‌లెస్ ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. సర్వో, పెద్ద ఏరియా, కన్ను గుర్తింపు ఆన్: మనుషులకు ఇంతకు మించి అక్కర్లేదు. అయితే దానికి ముఖమైతే చాలు, ఎవరిదైనా ఒకటే. బెంజ్ సర్కిల్ దగ్గర మీ స్నేహితుణ్ని నిలబెట్టి తీస్తే వెనక ఫ్లెక్సీలో దండం పెడుతున్న నాయకుడి కన్ను పట్టుకుని కూర్చోవచ్చు. తెర మీది చతురస్రం ఏ ముఖం చుట్టూ ఉందో చూసుకోండి. తప్పుగా ఉంటే ఏరియాను చిన్నది చేసి మీ మనిషి మీద పెట్టి మళ్లీ సగం నొక్కండి.

పెళ్లిలో

వరుసగా రెండు ఘట్టాలు రెండు రకాల సెట్టింగులు అడుగుతాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు కదలరు కానీ మధ్యలో అడ్డుతెర, దాన్ని పట్టుకున్నవాళ్ల చేతులు, పంతులుగారి మోచెయ్యి అన్నీ ముఖాలకన్నా మీకు దగ్గరగా ఉంటాయి. ఆటో ఏరియా అయితే తెర అంచునే పట్టుకుంటుంది, దానికన్నా మంచి గీత ఆ ఫ్రేమ్‌లో లేదు మరి. వన్ షాట్, సింగిల్ పాయింట్ పెట్టి, తెర దించకముందే కంటి మీదో బాసికం మీదో ఫోకస్ చేసి బటన్ సగం పట్టి ఉంచండి. ఇద్దరి ముఖాలూ పదునుగా కావాలంటే అపర్చర్‌ను ఎఫ్ 4 కన్నా ఎక్కువ తెరవకండి.

తలంబ్రాలకు వచ్చేసరికి ముఖం ముందు బియ్యం ఎగురుతాయి, చేతులు లేస్తాయి. సర్వోలో ఉన్న కెమెరా ఆ చేతుల వెంట పోయి మళ్లీ ముఖం మీదికి వచ్చేలోపు నవ్వు అయిపోతుంది. దీనికి ట్రాకింగ్ సెన్సిటివిటీ అనే సెట్టింగ్ ఉంది: అడ్డం వచ్చినదాన్ని ఎంతసేపు పట్టించుకోకూడదో చెప్పేది. కేనన్‌లో మైనస్ వైపు, సోనీలో 1 వైపు, నికాన్‌లో 5 వైపు జరిపితే మొండిగా ముఖాన్నే పట్టుకుంటుంది. 1500డి, డి5600 లాంటి బాడీల్లో ఇది లేదు. వాటితో అయితే బియ్యం ఎగరకముందే ఫోకస్ చేసి లెన్స్‌ను ఎంఎఫ్‌కు మార్చేసి, ఎఫ్ 5.6, షట్టర్ వేగం 1/250 పెట్టి వరుసగా తియ్యండి. పీటల మీద కూర్చున్నవాళ్లు ఎటూ పోరు. నికాన్ ఏఎఫ్-పి కిట్ లెన్స్ (కెమెరాతోపాటు వచ్చేది) మీద ఆ స్విచ్ ఉండదు, ఐ బటన్‌తో మార్చుకోవాలి.

హోమం పొగలోంచి తియ్యాల్సి వచ్చినా ఇదే ఉపాయం.

ఉప్పలపాడు పక్షులు

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉంటాయి. గూట్లో ఉన్నవాటికీ ఎగిరేవాటికీ ఒకే సెట్టింగ్ పనికిరాదు.

గూట్లో ఉన్నవాటికి ముందు కొమ్మలు అడ్డం. అన్నిటికన్నా చిన్న సింగిల్ పాయింట్ తీసుకుని కొమ్మల సందులోంచి కన్ను మీద పెట్టండి. అయినా కొమ్మకే పోతుంటే ఫోకస్ రింగును చేత్తో పక్షి దగ్గరిదాకా తిప్పి, ఆ తర్వాత సగం నొక్కండి. అప్పటికే దగ్గరలో ఉంది కాబట్టి కెమెరా అక్కడే సర్దుకుంటుంది. చాలా లెన్సుల్లో ఆటోఫోకస్ ఆపకుండానే రింగు తిప్పొచ్చు. కొన్ని చవక లెన్సుల్లో మాత్రం ఏఎఫ్‌లో ఉండగా బలవంతంగా తిప్పితే మోటారు గేర్లు దెబ్బతింటాయి. మీ లెన్స్ మాన్యువల్‌లో చూసి తిప్పండి.

ఎగిరేవాటికి సర్వో, జోన్, షట్టర్ 1/1600 లేదా ఇంకా వేగం, బర్స్ట్ (వరుసగా తీసే పద్ధతి). వెనక ఆకాశం ఉన్నంతసేపు సులువు. పక్షి చెట్ల వరుస ముందుకు రాగానే జోన్ ఆకులను పట్టుకుంటుంది, అప్పుడు మధ్య పాయింట్‌కు మారండి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుంటే మీకు ఎదురుగా వస్తాయి. కానీ ఎదురుగా వచ్చేది ఆటోఫోకస్‌కు కష్టం, పక్కగా వెళ్లేది సులువు, ఎందుకంటే పక్కగా పోతే దూరం పెద్దగా మారదు. దగ్గరయ్యేకొద్దీ ఆ మార్పు ఇంకా వేగం అవుతుంది. కాబట్టి దూరంలో ఉన్నప్పుడే ఫోకస్ పట్టి వెంబడించండి, నెత్తి మీదికి వచ్చాక పట్టుకుందామంటే కుదరదు.

వెనక బటన్

కాసేపు నిలబడి కాసేపు కదిలే సబ్జెక్టుల కోసం వన్ షాట్, సర్వోల మధ్య మారుతూ కూర్చోవడం విసుగు. దానికి విరుగుడు ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసి బొటనవేలికి ఇవ్వడం. మోడ్ ఎప్పుడూ సర్వోలోనే. బొటనవేలు నొక్కి ఉంచితే వెంబడిస్తుంది, వదిలితే ఉన్నచోట ఆగుతుంది. 1500డిలో కస్టమ్ ఫంక్షన్స్‌లోకి వెళ్లి షట్టర్/ఏఈ లాక్ బటన్ అనే వరుసలో "ఏఈ/ఏఎఫ్, నో ఏఈ లాక్" ఎంచుకుంటే నక్షత్రం (*) గుర్తు బటన్ ఆ పని చేస్తుంది. నికాన్ చిన్న బాడీల్లో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఏఎఫ్-ఆన్ కేటాయించండి. సోనీలో షట్టర్‌తో ఏఎఫ్ ఆఫ్ చేసి ఏఎఫ్-ఆన్‌ను ఒక బటన్‌కు ఇవ్వండి. నాలుగైదు రోజులు చేతికి అలవాటు కాదు, ఓపిక పట్టండి. మీ కెమెరా వేరేవాళ్ల చేతికిచ్చి ఫొటో తియ్యమన్నప్పుడు మాత్రం పాత పద్ధతికి మార్చి ఇవ్వండి, లేకపోతే అన్నీ మసగ్గానే వస్తాయి.

ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకూ వెనక్కీ తిరుగుతుంటే

కెమెరాకు కావాల్సింది ఒక అంచు, ఒక గీత, వెలుగునీడల తేడా. తెల్ల పంచె మధ్యలో పాయింట్ పెడితే దానికి చూడటానికి ఏమీ లేదు. జరీ అంచు మీదికి జరపండి. ఖాళీ గోడ, మంచు పట్టిన కృష్ణ నీళ్లు, నల్లటి పట్టుచీర: అన్నిటికీ ఇదే సమస్య.

మిర్రర్‌లెస్‌లలో ఇంకో విచిత్రం. చాలావాటి సెన్సర్లు కెమెరా అడ్డంగా పట్టుకున్నప్పుడు నిలువు గీతలనే బాగా గుర్తిస్తాయి. సాయంత్రం ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ రోడ్డు అంచు మీద ఫోకస్ చేస్తే అది పొడవాటి అడ్డగీత కాబట్టి తడుముకోవచ్చు. కెమెరాను కొంచెం వాల్చి ఫోకస్ చేసి మళ్లీ సరిగ్గా పట్టుకోండి, లేదా బ్యారేజీ స్తంభాల మీద పెట్టండి.

దసరా ముగింపు రోజు కృష్ణలో తెప్పోత్సవం తీసేవాళ్లు దీపాల మీద ఫోకస్ కోసం పోరాడుతుంటారు. చీకట్లో వెలిగే దీపపు చుక్క ఆటోఫోకస్‌ను తికమకపెడుతుంది. వెలుగు పడిన హంస వాహనం అంచు మీద ఒక్కసారి పెట్టి, కుదరగానే ఎంఎఫ్‌కు మార్చేయండి. ఏపీఎస్-సి బాడీ, కిట్ లెన్స్ 55 ఎంఎం, ఎఫ్ 5.6 అయితే 28 మీటర్ల దగ్గర ఫోకస్ చేసినా 14 మీటర్ల నుంచి అవతలి ఒడ్డు దాకా సరిపోతుంది. పడవ వెంట ఫోకస్ మారుస్తూ ఉండాల్సిన పనే లేదు. జూమ్ తిప్పితే మాత్రం ఫోకస్ మళ్లీ చెయ్యండి. 300 ఎంఎం లెన్స్‌తో ఈ లెక్క చెల్లదు.

మరీ దగ్గరికి వెళ్లినా దొరకదు. కేనన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎంకు 35 సెంటీమీటర్లు, 18-55 ఎస్‌టీఎంకు 25 సెంటీమీటర్ల కన్నా లోపల ఫోకస్ కాదు. ఈ దూరం లెన్స్ ముందు గాజు నుంచి కాదు, కెమెరా లోపలి సెన్సర్ నుంచి కొలవాలి.

మే నెలలో రెండు బాధలు అదనం. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీస్తే విజయవాడ ఉక్కకు గాజు మీద తేమ పట్టి ఏదీ ఫోకస్ కాదు. జిప్ వేసిన బ్యాగులోనే అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి, తుడిస్తే మళ్లీ పడుతుంది. మధ్యాహ్నం ఇసుక మీదుగానో తారు రోడ్డు మీదుగానో దూరంగా ఉన్నదాన్ని పెద్ద లెన్స్‌తో తీస్తే వేడిగాలి అలల్లా కదిలి బొమ్మ మసకబారుతుంది. దానికి ఏ మోడ్ పెట్టినా ఉపయోగం లేదు. పొద్దున్నే వెళ్లండి, లేదా దగ్గరికి వెళ్లండి.

తప్పు ఎవరిదో తేల్చుకోవడం

కెమెరా తెర మీద ఫొటోను పూర్తిగా పెద్దది చేసి చూడండి. సబ్జెక్ట్ మసగ్గా ఉండి దాని ముందో వెనకో ఇంకేదైనా పదునుగా ఉంటే అది ఫోకస్ తప్పు. ఫ్రేమ్‌లో ఏదీ పదునుగా లేకుండా అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. వెనకంతా బాగుండి పరిగెత్తే పిల్లాడి కాళ్లుచేతులు మాత్రమే సాగి ఉంటే షట్టర్ వేగం చాలలేదు, 1/500 నుంచి 1/1000కి వెళ్లండి. ఈ మూడింటికీ మందులు వేరు.

డీఎస్ఎల్ఆర్ ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే, అంటే ప్రతి ఫొటోలో ఫోకస్ కంటి వెనకే పడుతుంటే, కెమెరాను స్టాండ్ మీద పెట్టండి. 2 మీటర్ల దూరంలో వార్తాపత్రికను గోడకు అంటించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ముందు వ్యూఫైండర్‌లో మధ్య పాయింట్‌తో, తర్వాత లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి తియ్యండి. ప్రతిసారీ మధ్యలో ఫోకస్‌ను చెదరగొట్టి మళ్లీ చేస్తూ అయిదేసి చొప్పున. లైవ్ వ్యూవి బాగుండి వ్యూఫైండర్‌వి మసగ్గా ఉంటే, మీ లెన్స్, ఫోకస్ సెన్సర్ లెక్కలు కలవట్లేదు. డి7500 లాంటి బాడీలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌లో మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా సరిచేసుకోవచ్చు. ఫోకస్ వెనక పడుతుంటే మైనస్ వైపు, ముందు పడుతుంటే ప్లస్ వైపు, ఒక్కోసారి అయిదేసి మెట్లు జరిపి పత్రిక మళ్లీ తీసి చూడండి. 1500డి, డి5600లలో ఆ సెట్టింగ్ లేదు. వాటికి లెన్స్, బాడీ రెండూ కలిపి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. ఒక్క లెన్సే ఇస్తే ఆ జత సరిపోతుందో లేదో వాళ్లకూ తేలదు.